పన్నెండో జత

గోదావరి వరదకు కూలిన ఇళ్లు కట్టేందుకు వచ్చిన వాలంటీర్లు పదకొండు మంది చెన్నూరు చర్చిలో పడుకున్నారు. అందరూ మగవాళ్లే. వాళ్లకు వండిపెట్టే సంతోషమ్మ చీకట్లో మెట్ల మీద కూర్చుని వాళ్ల చెప్పుల బురద కడుగుతోంది. చేతికి పన్నెండో జత తగిలింది. ఆడమనిషి చెప్పులు.

"ఎబినేజర్, లోపల ఇంకెవలున్నరు?"

"ఎవ్వలు లేరమ్మా. నా చెప్పులు జర మంచిగ కడుగు," నవ్వాడు లోపలినుంచి ఎబినేజర్.

తెగిన పట్టీకి పిన్నీసు. పక్కింటి రాజక్క చెప్పులే. వరద రాత్రి రాజక్క ఈ తలుపే కొడితే, లోపల పిల్లలతో ఉన్న సంతోషమ్మ "నీళ్లొస్తయక్కా" అని గడియ తీయలేదు. తెల్లారేసరికి రాజక్క వరదలో కొట్టుకుపోయింది. తాను తలుపు తీయని సంగతి సంతోషమ్మ ఎవరికీ చెప్పుకోలేదు.

వెనక గడియ పడిన చప్పుడైంది.

"తలుపు తియ్యి బిడ్డా," అంటూ తలుపు కొట్టింది సంతోషమ్మ.

"నీళ్లొస్తయక్కా," అంది లోపల ఆడగొంతు.