ఖాళీ అని రాసిన ఇల్లు

"నేనుండగా ఇల్లు ఖాళీ అని ఎలా రాశారండీ?"

ఆవిడ అలా నిలదీసేసరికి అద్దాలాయన చేతిలో ఉన్నవి రెండే: ఒక భూతద్దం, నిన్నటి పేపరు.

కళ్ళజోళ్ళ కొట్టు మూసేసిన నాడు ఆయనకు మిగిలిన సరుకు నలభై రెండు భూతద్దాలు. చిన్న అక్షరాలు చదువుకోవచ్చని ఎంత మొత్తుకున్నా ఒక్కటీ కదల్లేదు. చివరికి మేడమీద గది తీసుకుని 'ఇచ్చట భూతద్దంతో పరిశోధన చేయబడును' అని బోర్డు పెట్టాడు. పోయిన ఉంగరాలు, దొంగ సంతకాలు వస్తాయనుకున్నాడు. మొదటొచ్చిన పెద్దమనిషి, "మా ఇంట్లో భూతం ఉందేమో ఆ అద్దంతో చూసిపెట్టండి" అన్నాడు. భూతద్దమంటే అది కాదని చెప్పబోయి నాలుక కరుచుకున్నాడు అద్దాలాయన. గుమ్మంలోకొచ్చిన పార్టీని దిద్దేవాడు బడి పెట్టుకోవాలి గానీ కొట్టు పెట్టుకోకూడదు.

అలా దయ్యాల డిటెక్టివయ్యాడు. క్రమంగా ఆయన సర్టిఫికెట్ లేకుండా ఇల్లు చేతులు మారడం మానేసింది. అమ్మేవాడు పిలిస్తే భూతం ఉండేది కాదు. కొనేవాడు పిలిస్తే ఒకటుండేది, బేరం బిగుసుకుంటే రెండు. వృత్తికి నియమం ఒక్కటే: పార్టీ ఎదుట ఉన్నంతసేపూ ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటికి అద్దం ఆనించుకునే ఉండాలి. వట్టి కళ్ళతో చూసేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

ఆ మధ్యాహ్నం అద్దంతో పేపర్లో ఇళ్ళ ప్రకటనలు చదువుతూ తలెత్తేసరికి ఎదుటి కుర్చీలో ఈవిడ. ఆ అద్దంలోంచి ఏ మనిషైనా వానలో తడిసిన రాతలా అలుక్కుపోయి కనబడేవాడు. ఈవిడ మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. నలభై నాలుగేళ్ళ బ్రహ్మచారికి అదొక్కటి చాలు.

"ఏ ఇల్లండీ?"

"గడియారం మేడ. గుమ్మానికి మీ సర్టిఫికెట్ అంటించారు. 'గది గదీ పరీక్షించితిని. ఎవరూ లేరు. ఇల్లు ఖాళీ.'"

గుర్తొచ్చింది. ఓనరు తొందరపెడితే, అద్దం సంచిలోంచి తియ్యకుండానే, హాలు దాటకుండానే సంతకం గీకేశాడు.

"అప్పుడు మీరు లోపలే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను? హాల్లో మీరు తుమ్మితే వంటగదిలోంచి చిరంజీవ అన్నాను. పలకనైనా పలకలేదు."

"ఆ ఓనరు చెవిలో జోరీగలా వాగుతున్నాడండీ, వినబడి ఉండదు. ఆయనతో చెప్పుకోలేకపోయారా?"

"నా మొహం చూసి ఆరేళ్ళయింది. కరెంటు తీయించేశాడు. నేను కూచున్న గదికే సున్నం కొట్టించాడు. మొన్న కొనేవాళ్ళను తీసుకొచ్చి, సరిగ్గా నేను నిలబడ్డ చోటు చూపించి 'ఇక్కడ ఫ్రిజ్జు పెట్టుకోవచ్చు' అన్నాడు."

"ఓనర్లంతా అంతే. లోపలున్నవాళ్ళను మనుషుల్లా చూస్తే ఓనర్లెందుకవుతారు?"

ఆవిడ నవ్వింది. బుగ్గన సొట్ట పడింది. "సోమవారం సంతకాలు. మంగళవారం కొన్నవాళ్ళు దిగుతారు. నాకింకో చోటు లేదు. నేనున్నానని రాసివ్వండి, చాలు."

"అదొక్కటీ అడక్కండి. ఆయన నాకు పాత పార్టీ."

"అయితే రేపొస్తాను."

వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగో రోజుకి సర్టిఫికెట్ సంగతి వెనకబడి, ఆయన చిన్నప్పటి సంగతులు ముందుకొచ్చాయి.

కింద కొట్టు దర్జీ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "ఏం బావా, పైనుంచి రోజూ నీ గొంతే వినబడుతుంది, పార్టీ గొంతు వినబడదేం?"

"మర్యాదస్తులు మెల్లగా మాట్లాడతారు. నీ దగ్గరికొచ్చేవాళ్ళలా జేబు కుట్టలేదని అరవరు."

"ఒంటరిగా ఉంటే అంతేలే. నా కుట్టుమిషనుతో నేనూ మాట్లాడతాను."

"అది నీకు జవాబివ్వదుగా!" అని మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు అద్దాలాయన.

సోమవారం పొద్దున్నే కొత్త సర్టిఫికెట్ రాసి కొనేవాళ్ళకు అందించాడు: 'పొరపాటు దిద్దుకొంటిని. ఇంట్లో ఒక మనిషి ఉన్నది. ఇల్లు ఖాళీ కాదు.' గంటలో ఓనరు ఫోను.

"ఏమయ్యా, భూతం లేదని రాసిన చేత్తోనే మనిషి ఉందంటావా? కొనేవాళ్ళు పారిపోయారు!"

"ఉంది. నేను చూశాను."

"నేను చూడని మనిషిని నువ్వు చూశావా? ఆ బోర్డు పీకించకపోతే నా పేరు మార్చుకుంటా!"

అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నానికి గోడమీద బోర్డు లేదు. అద్దాలాయన పేపరు ముందేసుకుని, అద్దం కంటికి ఆనించుకుని కూచున్నాడు. తలెత్తితే ఎదురుగా ఆవిడ.

"ఇంక మీ ఇంటి జోలికి ఎవరూ రారు" అన్నాడు.

"మీ పొట్ట కొట్టుకున్నారు కదండీ!"

"దానికేం గానీ, ఒక మాట. ఈ అద్దం ఉత్తదండీ. చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది, అంతే. భూతాల్లేవు, నా బొందా లేదు. ఇన్నాళ్ళూ ఈ అబద్ధం మీదే బతికాను. మీ దగ్గర అలా ఉండలేను. మీకిష్టమైతే... మనిద్దరం..."

"ఆ అద్దం అలాగే ఉంచి అడగండి. ఒప్పుకుంటాను" అంది ఆవిడ.

"వద్దు. పుట్టినందుకు ఒక్క బేరమైనా వట్టి కళ్ళతో చెయ్యాలి."

లోపల్లోపలే కూడి చూసుకున్నాడు. పోయినవి పాత పార్టీ, గోడమీది బోర్డు, ఊళ్ళో ఉన్న కాస్త పేరు. వచ్చింది ఎదుటి కుర్చీలో ఒక తోడు. ఏ తక్కెడలో వేసినా లాభమే. అద్దం బల్లమీద పెట్టి, రెండు కళ్ళూ విప్పి చూశాడు.

కుర్చీ ఖాళీ.