హాల్లో ఇన్‌స్పెక్టరు

గ్లాసు గచ్చు మీద పడి భళ్లున పగిలింది. నారింజ రసం డ్రైవరు భార్య కాళ్ల మీదకు చిమ్మింది.

డ్రైవరు లేచి, గ్లాసు తోసేసిన పెద్దాయన చొక్కా పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నీకు మతి ఉందా? దాహమంటోందని కొని తెచ్చాను."

"వద్దు బాబూ. పండ్ల రసం ఆవిడకు పడదు."

"చెప్పడానికి నువ్వెవరు, డాక్టరువా?"

పెద్దాయన మెల్లగా చొక్కా విడిపించుకున్నాడు.

డయాలసిస్ హాలు బయట బెంచీ మీద ఆయన్ని అందరూ చూస్తూనే ఉంటారు. ఎవరు సంచీ విప్పినా తొంగిచూస్తాడు. ఇంట్లో ఏం వండారని ఆరా తీస్తాడు. రోగులు ఆయనకు ఇన్‌స్పెక్టరని పేరు పెట్టి, ఆయన వస్తుంటే డబ్బాలు మూసేసేవారు.

డ్రైవరు తిన్నగా ఆఫీసుకెళ్లి ఫిర్యాదు చేశాడు. ఇక మీదట ఈ ఛాయలకు రావద్దని పెద్దాయనకు గట్టిగా చెప్పేశారు.

ఆయన గాజు పెంకులు ఏరి చెత్తబుట్టలో వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది" అన్నాడు డ్రైవరు.

"పోనిద్దురూ, పెద్దవాడు" అంది భార్య. "ఏమిటో నా కాళ్లు నావి కానట్టున్నాయండీ. లేవలేకపోతున్నాను."

నర్సు పరుగున వచ్చింది. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఇంజెక్షన్ ఇచ్చి మెషీన్ మీదకు ఎక్కించారు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చింది.

"గండం గడిచింది. పొటాషియం బాగా పెరిగిపోయిందండీ. పొద్దున ఏం పెట్టారు?"

"నీరసంగా ఉందంటే అరటిపళ్లు పెట్టాను. బలమని."

"అందరూ అలాగే అనుకుంటారు. మనం తిన్నదాంట్లో ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తాయి. మీ ఆవిడకు ఆ దారి మూసుకుపోయింది. మళ్లీ మెషీన్ ఎక్కేదాకా అది రక్తంలోనే పేరుకుంటుంది. గుండె కొట్టుకోవాలంటే అది కావలసిందే. మితిమీరితే ఆ గుండెనే ఆపేస్తుంది. పైన పండ్ల రసం కూడా పడి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు."

డ్రైవరు గబగబా మెట్లు దిగాడు. వీధి చివరిదాకా వెళ్లాడు. బస్టాపులో ప్రతి ముఖమూ చూశాడు.

పెద్దాయన లేడు. ఆ తర్వాత కూడా రాలేదు.

చివరికి నర్సును అడిగాడు.

"సిస్టర్, ఆ పెద్దాయనకు డయాలసిస్ ఏ రోజు? కాళ్లు పట్టుకునైనా క్షమాపణ అడగాలి."

నర్సు చేస్తున్న పని ఆపింది.

"ఆయన పేషెంటు కాదండీ. ఇల్లెక్కడో మాకూ తెలీదు. వాళ్లావిడకు ఇక్కడ చేసేవాళ్లం. ఆవిడ పోయాక కూడా ఆయన రావడం మానలేదు. మామూలు ఉప్పు మంచిది కాదని ఎవరో అంటే, వెతికి వెతికి వేరే ఉప్పు తెచ్చి తనే వండిపెట్టేవారట. అందులో ఉన్నది పొటాషియమేనని ఆవిడ పోయాకే ఆయనకు తెలిసింది."