మల్లన్న చెప్పిన గుర్రం

“జాకీ ముఖ్యమా, గుర్రం ముఖ్యమా? జర తేల్చి చెప్పు మల్లన్నా!”

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, కొత్తకోట హైవే పక్కన కురుమూర్తి ఢాబాలో ఈ ప్రశ్న లేస్తుంది. ప్రశ్న లేవగానే మెకానిక్ మల్లికార్జున్ కూర్చుంటాడు. అతనికి ఫ్యాను కింది కుర్చీ, అడగకుండానే చాయ్, ఎదురుగా పట్నం రేసులు చూపించే కురుమూర్తి ఫోను. ఢాబాలో కూర వండేదీ, పందేలు పట్టేదీ కురుమూర్తే. రెండు పొయ్యిల మీదా ఉడికేది గిరాకీలే.

మల్లికార్జున్ లారీల కింద జాకీలు పెట్టి బతుకుతాడు. గుర్రాల మీది జాకీలను నమ్మి చితుకుతాడు. కింది జాకీ లేపినదంతా పై జాకీ దించేస్తాడు. పదేళ్లుగా ‘విన్’ అనే మాట వినడమే గానీ కన్నది లేదు. అతని గుర్రానికి రేసులో ఏనాడూ ప్లేసు రాలేదు, ఢాబాలో మాత్రం మొదటి ప్లేసు అతనిదే. టిప్పులిస్తాడు కనుక టిప్పు సుల్తాన్ అని బిరుదు. సుల్తాన్ జేబులో చాయ్‌వాలాకు టిప్పిచ్చే చిల్లర కూడా ఉండదు. అయినా అతను నోరు విప్పేదాకా ఊళ్లో ఒక్కడూ పందెం కాయడు.

‘ఓడినోనికి గింత మర్యాద ఏ ఊర్ల ఉంటది!’ అని లోలోపలే మీసం మెలేసుకునేవాడు.

ఇంట్లోనూ అంతే. గుర్రాలకు పెట్టేది పిల్లకు పెట్టమని భార్య వనజ ఒక్కనాడూ అనలేదు. పైగా ఆదివారం బువ్వ వడ్డిస్తూ, “ఇయ్యాల ఏ గుర్రం?” అని తనే అడిగేది. షెడ్డు సంపాదన సగం గుర్రాలే మేస్తుంటే ఇల్లెట్లా గడుస్తోందని అతను ఆలోచించలేదు. మిషను కుడుతుంది కదా. తన జాకీలు చింపింది ఆమె జాకెట్లు కుట్టేస్తున్నాయనుకునేవాడు.

ఈ ఆదివారం మాత్రం ఆట కాదు.

కూతురు దీపిక కాలు విరిగి వంకరగా అతుక్కుంది. మళ్లీ విరిచి రాడ్డు వేయాలి, ఈ వారం దాటితే జన్మంతా కుంటడమే అన్నాడు కర్నూలు డాక్టరు. పుస్తెలతాడు తప్ప ఒంటి మీది బంగారమంతా అమ్మి, ఆ డబ్బు వనజ తన ఖాతాలో వేసుకుంది. ఇంకా కొంచెం తక్కువ పడింది. ఖాతాలో డబ్బు ముట్టనని మల్లికార్జున్ పిల్ల తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఆ తక్కువ పడ్డది తెద్దామని షెడ్డులో పెద్ద జాకీ అమ్మి వచ్చాడు.

రేసులో గుర్రాలు చాలా ఉన్నా, ఎప్పటిలాగే గెలుపు రెండింటి మధ్యే. గోల్డెన్ బెల్‌కు పేరున్న జాకీ, పేరున్న ట్రైనరు. పేరుకే గోల్డు, ఇచ్చేది ఇత్తడి: గెలిస్తే పదికి పైన రెండే వస్తాయి. తూఫాన్ రాణికి మీసం మొలవని జాకీ, ఎవరూ ఎరగని ట్రైనరు. గెలిస్తే పదికి నలభై.

“నువ్వు ఎప్పటికీ జాకీనే అంటవు గద. అయితే గోల్డెన్ బెల్లేనా?” అన్నాడు ఎరువుల దుకాణం శ్రవణ్ కుమార్.

మల్లికార్జున్ ఫోను దగ్గరికి లాక్కున్నాడు. రేసుకు ముందు గుర్రాలను నడిపిస్తున్నారు. పదేళ్లలో మొదటిసారి అతను జాకీని చూడలేదు. ట్రైనరును చూడలేదు. షెడ్డుకొచ్చిన లారీని చూసినట్టు గుర్రాన్ని చూశాడు. గోల్డెన్ బెల్ నడకకే నురగలు కక్కుతోంది. తూఫాన్ రాణి డొక్కలు తాపీగా, ఒక్క తీరుగా ఆడుతున్నాయి.

“డ్రైవర్ ఎంత తోపైతే ఏంది? ఇంజన్ వేడెక్కినంక బండి పోతదా? తూఫాన్ రాణి!”

“పక్కానా అన్నా?”

“పక్కా.”

ఢాబా ఊపిరి పీల్చుకుంది. అందరి ఫోన్లూ బయటికొచ్చాయి; పందేలు చప్పుడు లేకుండా కురుమూర్తి రెండో ఫోనుకు చేరాయి. మల్లికార్జున్ తన నోట్లు కురుమూర్తి చేతిలో పెట్టి ఇంటికి ఫోన్ చేశాడు.

“ఏ గుర్రం?” అంది వనజ.

చెప్పాడు.

“మళ్ల మారుస్తవా ఏంది?”

“సచ్చినా మార్చ.”

“మంచిది,” అని పెట్టేసింది.

రేసు మొదలైంది. సగం దాకా గోల్డెన్ బెల్ ముందు. ఆఖరి మలుపులో దాని మెడ వాలింది. తూఫాన్ రాణి పక్కనుంచి దూసుకొచ్చింది. తల తేడాతో గీత దాటింది.

మల్లికార్జున్ బెంచీ ఎక్కి గంతేశాడు. “గెలిచిన! గెలిచిన్రో!”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శ్రవణ్ కుమార్ చేతిలోని చాయ్ నేల మీద పారబోశాడు. “గిట్ల చేసినవేంది మల్లన్నా!” అన్నాడు బొంగురుగా.

“ముందే మొత్తుకున్న గదరా! వినకపోతే నాదా తప్పు?” అని నవ్వాడు మల్లికార్జున్. కుళ్లు మొహాలనుకున్నాడు. ఆ రోజు అతన్ని కావలించుకున్నది పైసలిచ్చిన కురుమూర్తి ఒక్కడే. పైగా ఉత్తపుణ్యానికి రెండు బిర్యానీ పొట్లాలు కట్టిచ్చాడు.

ఇంటికి పరుగున వెళ్లాడు. మంచం మీద దీపిక లేచి కూర్చుంది. “గెలిచినవంట గద నాయినా! కర్నూలు ఎప్పుడు పోతం?”

“పొద్దుగాల్నే బిడ్డా!”

నోట్లన్నీ వనజ ఒళ్లో కుమ్మరించాడు. “తక్కువపడ్డది దొరికింది. ఇగ నీ ఖాతాల ఉన్నవి తీయ్!”

వనజ నోట్లను చూసింది. మొగుణ్ని చూడలేదు.

“పదేండ్ల సంది ఊరంతా, ఊరితోని నేను, నువ్వు చెప్పిన గుర్రాన్ని ఇడిసి రెండోదాని మీదనే కాసి బతుకుతున్నం,” అంది వనజ, “ఇయ్యాల పిల్ల కాలుకని దాచిన పైసలన్నీ గోల్డెన్ బెల్ మీద పెట్టిన.”