ఉప్పుచుక్క

"రుచి చూడవయ్యా! రుచి చూసి మాట్లాడు!"

కింది అంతస్తు రోకియా ఆంటీ గిన్నెను కియాట్ మూతికి ఆనించినంత పని చేసింది. "హరి రాయా పండక్కని కొన్న సోఫా. పొద్దుట్నించీ దానిమీద పైకప్పులోంచి నీళ్లు టప్పు టప్పుమని ఒకటే కారడం."

కియాట్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. ఆ బ్లాకు మొత్తానికి సముద్రపు నీళ్లున్న ఇల్లు ఒక్కటే. అది తనదే.

వెనకాలే వచ్చిన భార్య లియాన్ తానూ వేలు ముంచి చూసింది. చేతులు కట్టుకుని హాలు మూలకేసి తిరిగింది. అక్కడ, అన్ని అంతస్తుల గుండా దిగే నీళ్ల గొట్టం పక్కన, గోడ పొడుగునా కొత్త అక్వేరియం నీలంగా మెరుస్తోంది. పాత ట్యాంకు అతుకు దగ్గర చెమరుస్తోంటే, సందు దొరికిందే చాలని కియాట్ పోయిన వారం దానికి రెండింతలది తెచ్చిపెట్టాడు.

"ఇది తెచ్చిన రోజు ఏం ఒప్పుకున్నావు?" అంది లియాన్.

"ఒక్క చుక్క బయటపడ్డా..."

"ఊఁ, పడ్డా?"

"చేపలతో, పగడాలతో సహా తీసేస్తానని."

"మొగుడూ పెళ్లాలు తీరిగ్గా తర్వాత పోట్లాడుకోండి. ముందు నా సోఫా సంగతి చూడండి," అంది ఆంటీ.

చూడాలంటే ట్యాంకు ఖాళీ చెయ్యాలి. కియాట్‌కు భయం అక్కడే. పెళ్లయిన ఏడాది చిటికెనవేలంత ముక్కగా తెచ్చిన పగడం ఇప్పుడు అన్నం పళ్లెమంత అయింది. పాత ట్యాంకులోంచి ఇందులోకి మార్చినందుకే ఇంకా బెంగపడి ఉంది. ఇంతలోనే మళ్లీ కదిపితే బతకడం కష్టం. లియాన్ దానికి 'బావో' అని పేరు పెట్టుకుంది గానీ, అడిగితే ఒప్పుకోదు.

కియాట్ బావోను రెండు చేతులా ఎత్తి బకెట్లోకి దించాడు. అది ముడుచుకుపోయి తెల్లటి జిగురు కక్కడం మొదలెట్టింది. చేపలు ఇంకో బకెట్లో గిలగిల కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నపు ఉక్కకు నీళ్లు వేడెక్కుతుంటే, లియాన్ ఎవరూ చెప్పకుండానే ఐసు ముక్కలు సంచిలో కట్టి తెచ్చి బావో పక్కన వేసింది.

"పాతదీ కారింది, కొత్తదీ కారింది. ఏం చెయ్యి నాయనా నీది!" అంది. "పాతదాన్ని పగలగొట్టే పారేశావు కదా? ఎవరైనా తీసుకెళ్తే వాళ్ల కొంప మునుగుతుందని మరీ మరీ చెప్పాను."

"ఆఁ, ఆఁ... ఆ నీళ్లు తోడే గొట్టం కాస్త పట్టుకో," అన్నాడు కియాట్ తల ఎత్తకుండా.

ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. కియాట్ బోర్లా పడుకుని అతుకులన్నీ గుడ్డతో తుడిచి చూశాడు. గుడ్డ పొడిగా ఉంది. కింద పరిచిన చాపా పొడిగానే ఉంది.

"ఏం ఆపావయ్యా? ఇప్పుడు ఇంకా ఎక్కువైంది!" రోకియా ఆంటీ రొప్పుకుంటూ మళ్లీ వచ్చింది.

కియాట్‌కు ఏదో తట్టి, మూలనున్న నీళ్ల గొట్టం వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. తడి! వేలు నాకాడు. ఉప్పు! తలెత్తి చూస్తే, గొట్టం పైకప్పులోంచి దిగిన చోట సన్నటి ధార.

"పైనుంచా?" లియాన్ నోరు తెరిచింది. "పైన హోక్ చాయ్ అంకుల్ కదూ? రోజూ వచ్చి మన చేపల్ని చూసి పోయేవాడు, ఈ వారం కనబడనే లేదు!"

కియాట్ ఒకసారి బకెట్లోకి చూశాడు. బావో గుప్పెడంతకు కుంచించుకుపోయింది. అతనికి ఒళ్లు మండిపోయింది. "ఎవడి ఒళ్లు తెలియనితనానికో నా పగడం బలైపోవాలా? పదండి, ఇవాళ అటో ఇటో తేలిపోవాలి!"

ముగ్గురూ దడదడా మెట్లెక్కారు. కియాట్ తలుపు బాదాడు.

హోక్ చాయ్ తలుపు తీసి, ముఖం చేటంత చేసుకున్నాడు. ఆయన వెనక, గది మూలన, నీలం వెలుగు.

"నేనే పిలుద్దామనుకుంటున్నా, రండి రండి! నీ దగ్గర చూసి చూసి నేనూ మొదలెట్టానోయ్ కియాట్. పోయిన వారం ఈ ట్యాంకు లిఫ్టు పక్కన దొరికింది, ఒక్క గీత లేదు. ఇలాంటిదాన్ని పగలగొట్టడానికి మనసొప్పక అక్కడ పెట్టి పోయినవాడు ఎవడో గానీ, వాడి కడుపు చల్లగుండ!"