ఫొటో అయ్యేదాకా ఎవరూ లేవకూడదు

డౌవె గారు మీట నొక్కారు. కెమెరా వెలగలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కారు. ఊహూఁ.

“నిన్నటిదాకా బంగారంలా పనిచేసిందే!” అన్నారాయన, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

యోరిస్ గొంతులో కేకు ముక్క అడ్డం పడింది.

ఆ రోజు డౌవె గారి పుట్టినరోజు. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. మోకాలికి మోకాలు తగిలేలా చుట్టాలందరూ కూర్చున్నారు. మనిషికో కేకు ముక్క, ఒక కాఫీ, ఒక బిస్కెట్టు. బిస్కెట్ల డబ్బా ఒక చుట్టు తిరగ్గానే మూత పడిపోతుంది. ఆ తర్వాత అందరూ కలిసి ఫొటో. ఫొటో అయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు. డౌవె గారి భార్య హిల్త్యె గారికి తప్ప ఆ ఇంట్లో ఇంకెవరికీ మినహాయింపు లేదు.

యోరిస్ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. డౌవె గారి చిన్నమ్మాయి నిన్కె, అతనూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. “ఫొటో కాగానే నాన్నని అడుగు. ఆయన సరేనంటేనే,” అని నిన్కె ముందే తేల్చి చెప్పింది. ఆ ఒక్క మాట కోసం అతను వారం రోజులుగా అద్దం ముందు సాధన చేస్తున్నాడు.

పొద్దున డౌవె గారు తనంతట తానే కెమెరా అతని చేతిలో పెట్టారు. “వెనక కాలవలో బాతులున్నాయి, నాలుగు ఫొటోలు తియ్యి. చెక్క మీద నిలబడి తీస్తేనే బాగా వస్తాయి,” అన్నారు. కాలవ మీద అడ్డంగా వేసిన ఆ చెక్క మీద అడుగు పెట్టాడో లేదో, అది ఊగింది. యోరిస్ నిలదొక్కుకున్నాడు. కెమెరా నిలదొక్కుకోలేదు.

మోచేతిదాకా చెయ్యి బురదలో పెట్టి దాన్ని పైకి తీశాడు. చొక్కాతో తుడిచాడు. బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుని, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టాడు. సంచిలో వేసి, ఏమీ ఎరగనట్టు తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. అప్పుడే చెప్పేస్తే పోయేది. నోరు రాలేదు, పాపం.

ఇప్పుడు ఎటు చూసినా మోకాళ్ళే. ఉన్న ఒక్క గుమ్మానికీ అడ్డంగా పెద్దల్లుడు బౌకె కుర్చీ.

“పోనీ, నా ఫోనుతో తీద్దామండీ,” అన్నాడు యోరిస్.

“ఫోనుతో తీసినదాన్ని ఫొటో అనరు బాబూ,” అన్నారు డౌవె గారు.

“బ్యాటరీ చూడండి మామయ్యా,” అన్నాడు బౌకె.

బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టారు. వెలగలేదు. రాత్రంతా ఛార్జింగ్‌లోనే ఉందని హిల్త్యె గారు సాక్ష్యం చెప్పారు. మెమరీ కార్డు తీసి చూడమంది డౌవె గారి చెల్లెలు ఆఫ్కె. తీశారు. వెలగలేదు. బ్యాటరీ మూత సరిగ్గా పడలేదేమో అని ఒకరు. లోపలి రేకుల్ని రబ్బరుతో రుద్దమని ఇంకొకరు. ఎవరి వంతు ఎప్పుడో ముందే తెలిసినట్టు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటున్నారు. కెమెరా చేతులు మారుతూ మెల్లగా యోరిస్ వైపే వస్తోంది.

ఆఫ్కె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇదేంటన్నయ్యా, చేపల కంపు కొడుతోంది?”

“నీ ముక్కుకి అన్నీ చేపల కంపేలే!”

“అన్నట్టు, పొద్దున బాత్‌రూమ్‌లో మిషను మోత వినబడింది. ఎవరు తలంటుకున్నారు?” అడిగారు హిల్త్యె గారు.

అందరి చూపులూ యోరిస్ తల మీదికి తిరిగాయి. నున్నటి గుండు.

దిక్కుతోచక నిన్కె వంక చూశాడు. ఆమె తల దించేసుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది! అంటే తెలిసిపోయిందన్నమాట. అతనికి కుర్చీలోనే కూరుకుపోతే బాగుండుననిపించింది.

అంతలో హిల్త్యె గారు వచ్చి అతని ముందు బిస్కెట్ల డబ్బా మూత తీశారు. “ఇంకోటి తీసుకో నాయనా.”

ఆ ఇంట్లో రెండో బిస్కెట్టా! ఉరి తీసేముందు ఆఖరి కోరిక తీరుస్తున్నట్టనిపించింది అతనికి.

కెమెరా అతని ఒళ్ళోకి వచ్చింది. మూత సందులో చిటికెడు పచ్చటి నాచు. అతను దాన్ని బొటనవేలితో కప్పేశాడు.

“చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. ఏంటంటావు దీని రోగం?” అన్నారు డౌవె గారు.

“పాతదైపోయింది కదా, దానంతటదే పోయుంటుంది. అంతేగా?” అన్నాడు బౌకె, జాలిగా.

తలూపితే చాలు, బయటపడిపోతాడు. యోరిస్ తల సగం ఊపాడు కూడా. మిగతా సగం ఊగలేదు.

“కాదండీ,” అన్నాడు. బొటనవేలు తీసేశాడు. “పొద్దున నేనే కాలవలో పడేశాను. భయమేసి చెప్పలేదు. ఇవాళ మీ నిన్కెని చేసుకుంటానని అడుగుదామనుకున్నాను. ఇంక ఏ మొహం పెట్టుకుని అడగనండీ?”

ఎవరి చేతిలోనో కప్పు సాసరుకు తగిలి టక్కుమంది.

“అడిగేశావుగా,” అన్నారు డౌవె గారు. “సరే, చేసుకో.”

హిల్త్యె గారు సొరుగు లాగి ఇంకో కెమెరా బయటికి తీశారు. నొక్కగానే వెలిగింది. నిన్కె తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళు నిజమే, కానీ నవ్వలేక చచ్చిపోతోంది.

“మరి ఇదో?” అన్నాడు యోరిస్, ఒళ్ళో కెమెరాని రెండు చేతులా పట్టుకుని. “దీన్ని నేను చంపేశాను కదా!”

బౌకె కుర్చీ జరుపుకుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

“ఊరుకో తమ్ముడూ, అది నా చేతుల్లోంచి, అదే చెక్క మీంచి, అదే కాలవలో పడి చచ్చి తొమ్మిదేళ్ళయింది!”