పెట్టె మోసేవాళ్లు

"ప్రభువే నిన్ను వాడుకున్నాడు డ్వైట్. వచ్చే ఆదివారం కూడా తుపాకీ పెట్టుకుని గుమ్మం దగ్గర కాపలా నిలబడు," అన్నాడు పాస్టర్ మెర్ల్.

"మరి ఆ కుర్రాణ్ణి ఎవరు వాడుకున్నారు పాస్టర్ గారూ?"

పాస్టర్ లేచి తన గది తలుపు దగ్గరగా వేశాడు. ఆరాధన మధ్యలో తుపాకీతో చర్చిలోకి చొరబడిన ఆ కుర్రాణ్ణి డ్వైటే కాల్చి చంపాడు. టెక్సస్ అంతా అతన్ని వీరుడంటోంది. అతనికి మాత్రం ఆకలి కూడా తెలియడం లేదు.

ఇంతలో కుర్రాడి తల్లి లొరెట్టా లోపలికి వచ్చింది. డ్వైట్‌ను చూసి ఆగింది, కానీ వెనక్కి తిరగలేదు.

"రేపు మావాణ్ణి పూడుస్తున్నాం పాస్టర్ గారూ. శవపెట్టె మోయడానికి మనుషులు చాలడం లేదు. సంఘంలోంచి ఎవర్నైనా పంపుతారా?"

పాస్టర్ సంఘస్థుల పేర్ల పుస్తకం తీసి పేజీలు తిప్పసాగాడు.

"నేనొస్తానమ్మా," అన్నాడు డ్వైట్.

లొరెట్టా చాలాసేపు అతని చేతులకేసి చూసింది.

"వాడు బాగా బరువు," అంది. "మెల్లగా దించండి."