మావయ్య గొంతుకి అనుమతి లేదు

పొద్దున్నే మావయ్య చెయ్యెత్తి మంచినీళ్లు అడిగితే ఆయా వెళ్లి కిటికీ మూసింది. మళ్లీ అడిగితే దుప్పటి కప్పింది. మూడోసారికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన మేనకోడలు ఆయన పక్కనున్న ఫోన్ తీసి చూసింది. రాత్రికి రాత్రి అది తనంతట తానే అప్‌డేట్ అయిపోయింది. మాట్లాడే యాప్ బొమ్మ వెలిసిపోయి ఉంది. నొక్కితే ఒకటే జవాబు: "దీన్ని తయారుచేసినవారెవరో మాకు తెలియదు. మీ భద్రత కోసం ఆపేశాం."

తయారుచేసింది తనే. సొంతంగా యాప్‌లు చేసుకుని బతికే మనిషి. పక్షవాతం మావయ్య నాలుకనీ కుడిచేతినీ పడగొట్టింది గానీ బుర్ర ఇంకా చాకే. అత్తయ్య పోయాక ఆయన్ని తన ఇంటికి తెచ్చుకుంది. ఆర్నెల్లు కూర్చుని, పాత వాయిస్ మెసేజుల్లోంచి ఆయన గొంతునే ఏరి ఆ యాప్ చేసింది. ఎడమచేత్తో గ్లాసు బొమ్మ నొక్కితే చాలు, "మంచినీళ్లియ్యవే బంగారం" అని మావయ్యే పిలిచినట్టుండేది. మొదటిరోజు ఆయన ఆ బొమ్మనే నొక్కుతూ కూర్చున్నాడు. ఆమె నవ్వుతూ ఏడు గ్లాసులు తెచ్చింది.

ఇప్పుడు ఆ గొంతు పోయింది. పాత వెర్షన్‌కి వెనక్కి వెళదామంటే దారి మూసేశారు.

ఆ యాప్‌ని ఫోన్ కంపెనీవాళ్ల స్టోర్‌లో పెట్టమని అడిగింది. "ఒక్కరికే పనికొచ్చే యాప్‌లు తీసుకోం" అన్నారు. పోనీ తనెవరో చెప్పుకుందామని గుర్తింపు కార్డు, ఫోటో, కరెంటు బిల్లు పంపింది. "మీ కంపెనీ పత్రాలేవి?" అన్నారు. కంపెనీ అంటే తనూ, వంటింటి బల్లా, దానిమీద ఓ పాత కంప్యూటరూ!

పదకొండు రోజులు గడిచాయి. మావయ్య అడగడం మానేశాడు. పెట్టింది తిని గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఏం ఉద్యోగం మావయ్యా అని చిన్నప్పుడు తను అడిగితే, "గుమ్మం దగ్గర కాపలా" అని ఇల్లెగిరిపోయేలా నవ్విన మనిషి.

పన్నెండో రోజు హెల్ప్‌లైన్‌లో ఓ అమ్మాయి దొరికింది.

"ఆ యాప్ ప్రమాదం కావచ్చు మేడమ్."

"ఎవరికమ్మా?"

"ఫోన్ వాడేవాళ్లకి."

"వాడేది మా మావయ్య. చేసింది నేను. ఫోన్ మేం కొనుక్కున్నది. మధ్యలో మీరెవరు?"

"మీ బాధ అర్థమైంది మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

ఒళ్లు మండి ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి తుది నిర్ణయం మెయిల్‌లో వచ్చింది. మంచం పక్కన కూర్చుని పైకి చదివింది.

"తొమ్మిదో నిబంధన. తన ఫోన్‌లో ఏది ఉండాలో తేల్చుకునే నేర్పు మామూలు మనిషికి ఉండదు కనుక, ఆ నిర్ణయం కంపెనీయే తీసుకుంటుంది. దీనికి మినహాయింపులు లేవు."

మావయ్య పెదాలు కదులుతున్నాయి. దాహమేమోనని గ్లాసు అందించింది. తోసేశాడు.

"చూశావా మావయ్యా, ఎంత పొగరో! ఈ రూలు రాసినవాడి నోరు పడిపోను!"

అన్నాక చటుక్కున నాలుక కరుచుకుంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, నిన్ను కాదు మావయ్యా!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. పెన్ను కావాలని సైగ చేశాడు. ఎడమచేత్తో రెండక్షరాలు గీసేసరికి చెమటలు పట్టే మనిషి, ఆ రోజు పెన్ను వదల్లేదు. అరగంట పట్టింది. కాగితమంతా చీమల్లా పాకిన అక్షరాలని ఆమె కూడబలుక్కుని చదివింది.

"నన్నే అన్నావు, ఆ కంపెనీలో ఉన్నప్పుడు తొమ్మిదో రూలు రాసింది నేనే."